రోడ్డు పక్కన నిలబడి చూసే పందెం



మన హాస్టల్లో ఉన్నప్పుడు క్రికెట్ మ్యాచ్ ఉందంటే ఎదురుగా ఉన్న కొట్టు ముందు గుంపుగా నిలబడి టీవీ చూసేవాళ్లం. స్టేడియం టిక్కెట్టు కొనే స్థోమత మనలో ఎవరికీ లేదు. కానీ టిక్కెట్టు లేకుండా ఎవరైనా దగ్గర నుంచి చూడగలిగే పెద్ద ఆట ఒకటుంది. అదే రోడ్డు సైకిల్ పందెం. పీజీలో ఫొటోలు తీయడం నేర్చుకుంటూ దీని గురించి చదివాను. 2026 జనవరిలో పుణెలో అంతర్జాతీయ పందెం జరిగితే, స్నేహితుడి కెమెరా అడిగి తీసుకుని వెళ్లి చూశాను. నేను తెలుసుకున్నవి మీతో పంచుకుంటాను.

పందెం ఎలా సాగుతుంది?

ఈ పందేలలో అన్నిటికన్నా పెద్దది ఫ్రాన్సులో జరిగే టూర్ డి ఫ్రాన్స్. 1903లో ఒక క్రీడాపత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి దీన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు మూడు వారాల్లో 21 దశలుగా, సుమారు 3,400 కిలోమీటర్లు సాగుతుంది. అన్ని దశల్లో కలిపి తక్కువ సమయం తీసుకున్నవాడికి పసుపు చొక్కా దక్కుతుంది.

గెలిచేది ఒక్కడే అయినా ఇది జట్టు ఆట. ఒక్కో జట్టులో 8 మంది ఉంటారు. సైకిల్ తొక్కేవాడికి పెద్ద శత్రువు ఎదురుగాలి. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ పోతే, వెనకాల ఆనుకుని వచ్చేవాడికి శ్రమ బాగా తగ్గుతుంది. అందుకే జట్టులో మిగతావాళ్లు వంతులవారీగా ముందుండి నాయకుణ్ణి వెనక దాచుకుని తీసుకెళతారు. వెనక్కి వెళ్లి జట్టు కారు దగ్గర నీళ్ల సీసాలు తీసుకుని, చొక్కాలో కుక్కుకుని మళ్లీ ముందుకు తొక్కేది కూడా వాళ్లే. మరునాడు పేపర్లో వాళ్ల పేర్లు కనపడవు.

ఎక్కడ నిలబడాలి?

చదును రోడ్డు మీద గుంపు గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. కళ్లు ఆర్పి తెరిచేలోగా వెళ్లిపోతుంది. కనుక ఎత్తు రోడ్డు ఎంచుకోండి. అక్కడ వేగం తగ్గుతుంది, గుంపు విడిపోతుంది, ఒక్కొక్కరి ముఖం కనిపిస్తుంది. ఫ్రాన్సులో ఆల్ప్ డ్యుయెజ్ అనే కొండకు 21 మలుపులున్నాయి. అక్కడ చోటు కోసం జనం ముందురోజే వచ్చి గుడారాలు వేసుకుంటారు.

పందేనికి చాలాముందే రోడ్డు మూసేస్తారు. కాబట్టి టోపీ, నీళ్లు, తిండి పట్టుకుని పెందలాడే చేరుకోవాలి. మొదట పోలీసు మోటారు సైకిళ్లు వస్తాయి. తరువాత ముందుకు దూసుకుపోయిన కొద్దిమంది, వారి వెనక పెద్ద గుంపు, ఆ తరువాత జట్టు కార్లు. ఇక అయిపోయిందని వెళ్లిపోకండి. బాగా వెనకబడినవాళ్లు ఇంకా వస్తూ ఉంటారు.

ఫొటో ఎలా తీయాలి?

ఒక చిన్న లెక్క చూడండి. గంటకు 45 కిలోమీటర్లంటే సెకనుకు 12.5 మీటర్లు. కెమెరా షట్టర్ సెకనులో 60వ వంతు తెరిచి ఉంటే సైకిల్ 20 సెంటీమీటర్లకు పైగా జరిగిపోతుంది, బొమ్మ అలుక్కుపోతుంది. 1000వ వంతు పెడితే జరిగేది సెంటీమీటరు పైచిలుకే. అప్పుడు బొమ్మ స్పష్టంగా వస్తుంది. వేగం కనిపించాలంటే 60వ వంతే పెట్టి, సైకిల్‌తోపాటు కెమెరానూ అదే వేగంతో తిప్పాలి. మనిషి నిలిచి, వెనక చెట్లు గీతల్లా వస్తాయి. మనిషి వచ్చాక ఫోకస్ చేస్తే ఆలస్యమవుతుంది. రోడ్డు మీద ఒక గుర్తు చూసుకుని ముందే ఫోకస్ చేసి ఉంచుకోవాలి. సెల్‌ఫోన్ అయితే వరుసగా ఫొటోలు తీసే పద్ధతి వాడండి. ఫ్లాష్ మాత్రం వేయవద్దు.

ఒక హెచ్చరిక

1994లో ఆర్మెంతియేర్ పట్టణంలో, ముగింపు గీత దగ్గర ఒక పోలీసే ఫొటో తీయబోయి రోడ్డు మీదికి వంగాడు. నెలిసెన్ అతణ్ణి గుద్దుకున్నాడు, జలబేర్ కూడా పడి ముఖం ఎముకలు విరగ్గొట్టుకున్నాడు. 1999లో ఆల్ప్ డ్యుయెజ్ మీద అందరికన్నా ముందున్న గెరీనికి కెమెరా పట్టుకున్న కుర్రాడు అడ్డం వచ్చాడు. గెరీని పడిలేచి గెలిచాడు, అది అతని ధైర్యం. 2021లో ఒకామె టీవీలో కనపడాలని, వచ్చేవాళ్లకు వీపు పెట్టి అట్టముక్క పట్టుకుంటే పదుల మంది కూలిపోయారు.

కెమెరాలోంచి చూస్తే, ముఖ్యంగా వెడల్పు లెన్సులో, వచ్చే మనిషి ఉన్నదానికంటే దూరంగా కనిపిస్తాడు. అందుకే తెలియకుండానే అడుగు ముందుకు పడుతుంది. నిలబడే చోటు ముందే నిర్ణయించుకుని అక్కడి నుంచి కదలకూడదు. ఫొటో పోయినా ఫరవాలేదు, మనిషి పడకూడదు.

నా ఫొటో

పుణెలో నేను తీసినవాటిలో సగం వట్టి రోడ్డు, మిగతా సగం చక్రాలు! ఒక్కటి మాత్రం బాగా వచ్చింది. మెడ దగ్గర నుంచి వీపు దాకా సీసాలు కుక్కుకుని ఎత్తు ఎక్కుతున్న ఒక కుర్రాడు. అతని పేరు కూడా నాకు తెలియదు.

మా ఇంట్లో డిగ్రీ చదివినవాడిని నేనే మొదటివాణ్ణి. మా అక్క పదో తరగతితో ఆపేసి మిషను కుట్టింది. నా పరీక్ష ఫీజులు ఆ డబ్బులే. ఆ ఫొటో చూపిస్తే, "ఇతనేనా గెలిచింది?" అని అడిగింది.

"కాదక్కా, గెలిచినవాడికి నీళ్లు మోశాడు."

"మరి ఇతని ఫొటో తెచ్చావేంరా?" అంది. నేనేమీ చెప్పలేకపోయాను. కాసేపటికి తనే దాన్ని మిషను పైన గోడకు అంటించుకుంది.

తమ్ముళ్లూ, ఎప్పుడైనా ఏ పందేనికైనా వెళితే గెలిచినవాడితోపాటు వెనక నీళ్లు మోసేవాణ్ణి కూడా ఒక ఫొటో తీయండి.