రెండు రెక్కలకన్నా ఒంటి రెక్క మేలు

చెవిటికల్లు నుంచి ఒక పాఠకుడు రాశారు: "ఇంటర్ చదివే మావాడికి క్రికెట్ బంతి తగిలి పై వరసలో ముందు పన్ను ఊడింది. బ్రిడ్జి కట్టాలంటే అటూ ఇటూ ఉన్న మంచి పళ్ళు రెండూ అరగదీయాలంటున్నారు. పోయింది ఒకటైతే శిక్ష రెండింటికా?"

ఈ ప్రశ్న చదివాక ఈ నెలకు అనుకున్న వ్యాసం పక్కన పెట్టేశాను.

మామూలు దారులు గబగబా చెప్పేస్తాను. తీసి పెట్టుకునే ప్లేటు చవకే గాని అంగిలిని కప్పేస్తుంది, కొన్నాళ్ళు మాట తడబడుతుంది. ఇంప్లాంటు ఈ వయసులో తొందరపాటు. దవడ పెరిగేకొద్దీ పక్క పళ్ళు కిందికి దిగుతాయి, ఎముకకు బిగిసిన ఇంప్లాంటు దిగదు. ఇక క్యాపుల బ్రిడ్జి. ఒక్కో క్యాపుకు పైకి కనిపించే పన్నులో 63 నుంచి 72 శాతం దాకా పోతుందని 2002లో తూచి మరీ తేల్చారు. పాఠకుడి బాధ న్యాయమైనదే.

నాలుగో దారి ఒకటుంది. అదంటే నాకు ప్రాణం. లోహానికి రంగు బాగా పట్టాలని కర్మాగారాల్లో ఫాస్ఫారిక్ ఆసిడ్ వాడడం చూసి, అమెరికాలో మైఖేల్ బూనోకోర్ 1955లో దాన్నే పంటి ఎనామిల్ మీద పూశారు. ఇప్పుడు వాడేది 37 శాతం గాఢత ఉన్న జెల్. అర నిమిషం ఉంచి, కడిగి ఆరబెడితే మెరిసే పన్ను ఆ మేరకు పాలిపోయి తెల్లబడుతుంది. మైక్రోస్కోపులో చూడాలి ఆ వింత! నునుపంతా పోయి వేలాది సూక్ష్మమైన గుంటలు. పల్చటి రెజిన్ వాటిలోకి దిగి గట్టిపడి, ఎనామిల్‌ను పట్టేసుకుంటుంది. పన్ను చెక్కే పని దాదాపు లేదు.

1973లో ఫ్రాన్స్‌లో రోషెట్ చిల్లులున్న లోహపు రెక్కల్ని పళ్ళ వెనక ఇలా అంటించారు. 1980ల మొదట్లో మేరీలాండ్ విశ్వవిద్యాలయం వాళ్ళు లోహాన్ని కూడా ఆసిడ్‌తో గరుకు చేశారు. కట్టుడు పన్నుకు రెండువైపులా రెక్కలుంటేనే గట్టి అని అందరూ నమ్మారు. బోల్తా పడింది అక్కడే.

పన్ను ఎముకకు అతుక్కుని ఉండదు. మధ్యలో సుమారు 0.2 మిల్లీమీటర్ల పీచు పొర ఉంటుంది. కొరికినప్పుడల్లా ఏ పన్ను దారిన అది కదులుతుంది. రెండు రెక్కల బ్రిడ్జి రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టే. చివరికి ఒక రెక్క ఊడుతుంది. రెండోది పట్టుకునే ఉంటుంది కాబట్టి మనకు తెలియదు. ఊడిన రెక్క కింద చేరిన పాచితో పన్ను పుచ్చిపోతుంది.

జర్మనీలో మథియాస్ కెర్న్ పెట్టిన పింగాణీ బ్రిడ్జీల్లో కొన్ని ఒకవైపు విరిగాయి. అయినా కట్టుడు పన్ను మాత్రం రెండో రెక్క మీదే ఏళ్ళ తరబడి నిలిచింది! దాంతో ఆయన ఒంటి రెక్కవే కట్టడం మొదలుపెట్టారు. 2011లో ప్రకటించిన లెక్క: పదేళ్ళకు రెండు రెక్కలవి 73.9 శాతం నిలిస్తే, ఒంటి రెక్కవి 94.4 శాతం నిలిచాయి. ఒక్క పంటికే అంటించినది ఆ పంటితోనే కదులుతుంది, లాగులాట లేదు.

ఇంత తేలినా మన పట్టణాల్లో క్యాపుల బ్రిడ్జే ముందు చెబుతారు, అదే నా బాధ. నమిలే దంతాలకు మాత్రం ఒంటి రెక్క బ్రిడ్జి అంతగా నప్పదు. కొరికేటప్పుడు కింది పళ్ళు రెక్కకు చోటివ్వాలి. ఇంకొకటి: మీ వైపు నుంచి జగ్గయ్యపేట దాటితే ఫ్లోరైడ్ నీళ్ళకు పేరుపడ్డ నల్లగొండ సీమ ఎంతో దూరం లేదు. మీవాడి పళ్ళ మీద ఆ గోధుమరంగు మచ్చలుంటే డాక్టరుకు ముందే చూపించండి. ఫ్లోరైడ్ పట్టిన ఎనామిల్ ఆసిడ్‌కు తొందరగా లొంగదు, దానికి అర నిమిషం చాలదు.