పిల్లి కోసం పెరట్లో కౌజులు: లెక్క చూసుకుని దిగండి

పిల్లికి పాలన్నమో పెరుగన్నమో పెట్టడం మన ఇళ్లలో తాతల నాటి అలవాటు. మిగతా కడుపు అది ఎలుకలతో నింపుకొనేది. ఇప్పుడు చాలా ఇళ్లలో పిల్లి గడప దాటదు, ఎలుకలకు మనం మందు పెడుతున్నాం. ఆ మందు తిన్న ఎలుక పిల్లికీ విషమే. ఇండూరు లాంటి ఊళ్లో పెరడు ఉంది కదా, కౌజులు పెంచి పచ్చిగా వేద్దాం అనుకునేవారి కోసం ఈ నాలుగు మాటలు.

పిల్లికి మాంసం తప్పదు. టారిన్ అనే పదార్థాన్ని దాని ఒళ్లు చాలినంత తయారు చేసుకోలేదు. అది తగ్గితే గుండె ఉబ్బి బలహీనపడుతుందని 1987లో అమెరికాలో పాల్ పయన్ బృందం చూపించింది. అన్నంలో టారిన్ ఉండదు. మాంసం, గుండెకాయ, చేపల్లో ఉంటుంది.

మనం కౌజు, కంజు అనేదాన్ని ఇక్కడ తమిళంలో కాడై అంటారు. పెంపుడు కౌజు గుడ్డు 17, 18 రోజుల్లో పిల్ల అవుతుంది. ఐదు వారాలకు కోతకు వస్తుంది. నాలుగు కిలోల పిల్లికి రోజుకు సుమారు ఒక పిట్ట. అంటే ఎప్పుడు చూసినా గూట్లో 35 పిల్లలు ఎదుగుతూ ఉండాలి, గుడ్ల కోసం పెట్టలు వేరు. పెంపుడు కౌజు పెట్ట సాధారణంగా పొదగదు, పొదిగే పెట్టె కొనాలి. ఒక్కో పిట్ట ఎదిగేలోపు అర కిలో దాకా దాణా తింటుంది. ఒక్క పిల్లి కోసం ఇంత అవసరమా అనిపిస్తుంది మాకు. వారానికి రెండు మూడు పిట్టలైతే సరే.

పొలంలో కౌజునూ చెవులపిల్లినీ పట్టడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. ప్రాణంతో ఉన్న పిట్టను పిల్లి ముందు వదలడం క్రూరత్వం. ముందే త్వరగా కోసి పెట్టాలి.

అసలు భయం బర్డ్ ఫ్లూ. 2024 డిసెంబరులో నాగపూర్ గోరెవాడలో మూడు పులులు, ఒక చిరుత దానితో చనిపోయాయి. 2025 మార్చిలో నరసరావుపేటలో పచ్చి కోడిమాంసం తిన్నాక జబ్బుపడిన రెండేళ్ల పాప పోయింది. పచ్చి మాంసం ఇంట్లో ఉంటే కోసేదీ కడిగేదీ మనమే, పక్కన ఆడుకునేది మన పిల్లలే. ఫ్రీజర్‌లో పెడితే ఈ వైరస్ గానీ సాల్మొనెల్లా గానీ చావదు. చుట్టుపక్కల కోళ్లు చస్తున్నాయని వింటే పచ్చిది పూర్తిగా ఆపి, ఉడికించి, ఉడికిన నీళ్లతో సహా పెట్టండి. టారిన్ ఆ నీళ్లలోకే దిగుతుంది. ఉడికిన ఎముకలు మాత్రం తీసేయాలి, గొంతుకు గుచ్చుకుంటాయి.

పచ్చి మాంసం తినే పిల్లి మలంలో టాక్సోప్లాస్మా క్రిమి రావచ్చు. అది అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది కనుక ఇసుక పెట్టెను రోజూ శుభ్రం చేయాలి. ఇంట్లో గర్భిణి ఉంటే ఆ పని మరొకరు చేయాలి.