ట్రామా? బస్సా?

ఊళ్ళో తిరగడానికి ట్రామ్ మేలా, బస్సు మేలా అని అడిగితే మగవాళ్ళు వేగం గురించీ, ఖర్చు గురించీ చెబుతారు. మనం మాత్రం ముందు మెట్టు ఎంత ఎత్తుందో చూస్తాం. ఒక చేతిలో కూరల సంచీ, ఇంకో చేత్తో పిల్లాడి చెయ్యీ. ఇక కమ్మీ పట్టుకోవడానికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి తేవాలి చెప్పండి!

ట్రామ్ అంటే రోడ్డు మీదే పరిచిన పట్టాలపై, పైనున్న తీగ నుంచి కరెంటు తీసుకుంటూ నడిచే చిన్న రైలు. మన పెద్దవాళ్ళకు ఇది కొత్త కాదు. మద్రాసులో 1895 లోనే కరెంటు ట్రామ్ వచ్చింది. 1953 ఏప్రిల్ 12న ఆగిపోయింది. అంటే ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటానికి ఆరు నెలల ముందన్నమాట. తర్వాత ఢిల్లీ 1963లో, బొంబాయి 1964లో వదిలేశాయి. 1873లో గుర్రాలతో మొదలుపెట్టిన కలకత్తా ఒక్కటే మిగిలింది.

మావారి ఉద్యోగం వల్ల మేము నాలుగేళ్ళు కలకత్తాలో ఉన్నాం. గరియాహాట్ బజారులో సరుకులు కొనుక్కుని ట్రామ్‌లో కూర్చుంటే ప్రాణం హాయిగా ఉండేది. పొగ లేదు, కుదుపు తక్కువ. బయల్దేరేటప్పుడు కూడా మెల్లగా కదులుతుంది కాబట్టి ముసలివాళ్ళు తూలి పడరు. అక్కడి ప్రైవేటు బస్సుల సంగతి వేరు. టిక్కెట్ల మీద కమీషన్ కాబట్టి ముందున్న బస్సును దాటాలని ఒకటే పోటీ. కాలు పెట్టేలోపే కండక్టరు బస్సును దబదబా బాదేస్తాడు. మా అత్తగారు మోకాళ్ళ నొప్పితో ఒక్కసారి ఎక్కి, మళ్ళీ ఎక్కనని ఒట్టు పెట్టుకున్నారు.

అలాగని ట్రామ్‌లో అంతా సుఖమే అనను. రోడ్డు మధ్యలో దిగాలి. దిగీ దిగగానే పక్కనుంచి టాక్సీలు రయ్యిన దూసుకొస్తాయి. పిల్లల్తో దిగేటప్పుడు గుండె గుప్పిట్లో పెట్టుకోవాల్సిందే. బరువైన బండి, బ్రేకు వేసినా చటుక్కున ఆగదు. బెంగాలీ కవి జీవనానంద దాస్ 1954లో ట్రామ్ తగిలే కన్నుమూశారు. ఇక పట్టాల మీద ఎవరైనా కారు ఆపేసి బజారుకెళ్ళారా, ట్రామ్ అక్కడే నిలబడిపోవాలి. బస్సైతే పక్కకు తిప్పుకుని పోతుంది.

అసలు కలకత్తాలో చాలాచోట్ల పట్టాలకు రోడ్డు మధ్య విడిగా చోటు ఉండేది. కార్లు పెరిగాక ఆ చోటును కూడా చదును చేసి అన్ని బళ్ళకూ విడిచిపెట్టారు. ట్రామ్ కార్ల మధ్య ఇరుక్కుపోయింది. ఆ తర్వాత "అబ్బే, ట్రామ్ మరీ నెమ్మది!" అన్నారు. కోడలికి పొయ్యి ఇవ్వకుండా వంట ఆలస్యమైందన్నట్టు లేదూ! 2024 సెప్టెంబరులో ఒక్క మైదాన్ - ఎస్‌ప్లనేడ్ దారి మాత్రం గుర్తుగా ఉంచి, మిగతావి తీసేస్తామని అక్కడి ప్రభుత్వం ప్రకటించింది. దాని మీద కోర్టులో వాదనలు నడిచాయి.

ఖర్చు మాట కూడా చూద్దాం. పట్టాలు పరచడానికి, తీగలు కట్టడానికి మొదట చాలా డబ్బు కావాలి. బస్సుకు రోడ్డుంటే చాలు. కానీ ఇనుప చక్రం ఇనుప పట్టా మీద తేలిగ్గా దొర్లుతుంది, టైర్లు మార్చే పని లేదు. ఒక ట్రామ్ పెట్టె ముప్ఫై ఏళ్ళు దాటి కూడా నడుస్తుంది. బస్సు అందులో సగం రోజులు కూడా గట్టిగా నిలవదు. నాకు నచ్చిన సంగతి ఇంకొకటుంది. పట్టాలు కనిపిస్తుంటే ఈ దారిన బండి వస్తుందని ధైర్యం. బస్సు రూటు రాత్రికి రాత్రి మార్చేసినా అడిగే నాథుడుండడు. అయితే కలకత్తాలో ఆ పట్టాల మీదే తారు పోశారనుకోండి, అది వేరే సంగతి.

ఫ్రాన్సులో స్ట్రాస్‌బూర్గ్ అనే ఊరుంది. అక్కడ భూమి కింద రైలు వెయ్యాలా, రోడ్డు మీద ట్రామ్ వెయ్యాలా అని పెద్ద వాదన జరిగింది. 1989లో మేయరుగా గెలిచిన కేథరిన్ ట్రాట్‌మన్ అనే ఆవిడ ట్రామ్ వైపు నిలబడింది. ఊరి నడిబొడ్డునున్న కూడలిలోంచి కార్లను పంపించేసింది. 1994లో ట్రామ్ నడిచింది. ఆ బండి నేల చాలా కిందకు ఉంటుంది. స్టాపులో గట్టు మీదనుంచి నేరుగా లోపలికి నడిచి వెళ్ళడమే. పిల్లల బండి తోసుకుంటూ తల్లులు, చక్రాల కుర్చీల్లో ఉన్నవాళ్ళు ఇంకొకరి సాయం లేకుండా ఎక్కుతారు.

ఆ సుఖం ట్రామ్‌కే రాసిపెట్టి లేదు. అహ్మదాబాదులో 2009 నుంచి కొన్ని రోడ్ల మధ్య బస్సులకే విడిగా దారి కట్టారు. స్టాపు గట్టు బస్సు నేలకు సమానంగా ఉంటుంది, మెట్లెక్కే పని లేదు. కాబట్టి నా మటుకు నాకు, విడిగా చోటిస్తే బస్సైనా ట్రామ్ లాగే నడుస్తుంది, ఇవ్వకపోతే ట్రామ్ కూడా బస్సు లాగే ఇరుక్కుంటుంది. పట్టాలకు పెట్టేంత డబ్బు లేని మన ఊళ్ళకు బస్సే దిక్కు. ఆ బస్సునే మనం ఎక్కగలిగేలా చేయమనాలి.

మనకు టిక్కెట్టు బాధ తీరింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. టిక్కెట్టు పోయింది గానీ మెట్టు ఎత్తు తగ్గలేదు! లో-ఫ్లోర్ బస్సు నేల రోడ్డుకు దాదాపు 16 అంగుళాల ఎత్తులో ఉంటుంది. ఆరంగుళాల ఫుట్‌పాత్ ఆనుకుని ఆపితే ఎక్కాల్సింది పది అంగుళాలే. మామూలు బస్సుకు నిటారు మెట్లు ఎక్కి ఎక్కి లోపలికి పోవాలి. పైగా డ్రైవరు ఫుట్‌పాత్‌కు బారెడు దూరంలో ఆపుతాడు.

మిషను దగ్గర కుట్టుకు వాడే టేపు ఉంటుంది కదా, ఈసారి బజారుకెళ్ళేటప్పుడు సంచీలో వేసుకోండి. బస్సు ఆగినప్పుడు మొదటి మెట్టు నేలకెంత ఎత్తుందో కొలిచి చూడండి. మన ఇళ్ళలో మెట్టు ఆరు, ఏడు అంగుళాలుంటుంది. కండక్టరు వింతగా చూస్తే చూడనివ్వండి.