గుంటక పక్కకు ఊగుతోందా? ముందు గుండు జాయింటు చూడండి



కలుపు మందు కొట్టని మన పొలంలో కలుపు తీసేది గుంటక, పవర్ వీడర్, లేదంటే చెయ్యి. బంతి, చామంతి సాళ్లలో బ్లేడు మొక్కకు ఎంత దగ్గరగా పోతే కూలి ఖర్చు అంత తగ్గుతుంది. అదే బ్లేడు పక్కకు ఊగితే వేరు తెగుతుంది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు నుంచి గుడిమల్కాపూర్ పూల మార్కెట్‌కు సరుకు తెచ్చే రైతుకు బతుకమ్మ, దసరా రోజులే అసలు సీజను. దానికి ముందు తెగిన మొక్క ఆ సీజనుకు ఇక అందదు. ఊగడానికి చాలాసార్లు కారణం డ్రైవరు కాదు, కడ్డీ చివర ఉండే చిన్న గుండు జాయింటు.

ఏమిటిది?

ఉంగరం లాంటి ఇనుప కన్నులో ఒక గుండు, ఆ గుండు మధ్యలో బోల్టు పట్టే రంధ్రం. కన్ను వెనక మర ఉన్న కడ్డీ. దీన్నే షాపులో రాడ్ ఎండ్ బేరింగ్ అంటారు, కొందరు రోజ్ జాయింట్ అంటారు. కడ్డీ కొంచెం వంకరగా లాగినా గుండు తిరిగి సర్దుకుంటుంది, బోల్టు వంగదు. ట్రాక్టరు టాప్ లింక్, లోయర్ లింక్ చివర్లలో ఉండే బాల్ కూడా ఈ జాతిదే.

ఒక్క మిల్లీమీటరు లూజు ఎంత చేస్తుంది?

తిరిగే పిన్నుకు 10 సెంటీమీటర్ల దూరంలో జాయింటు, 60 సెంటీమీటర్ల దూరంలో బ్లేడు ఉన్నాయనుకోండి. జాయింటులో 1 మి.మీ. ఆట ఉంటే బ్లేడు దగ్గర 6 మి.మీ. అవుతుంది. అలాంటి జాయింట్లు రెండుంటే 12 మి.మీ. అంటే మొక్క పక్కన మనం వదిలిన జాగాలో అర అంగుళం పోయినట్టే.

కొనేటప్పుడు

1. పాత ముక్కను చేతిలో పట్టుకుని వెళ్లండి. గుడిమల్కాపూర్‌లో పువ్వు దింపాక రాణిగంజ్ బేరింగ్ షాపులకు వెళ్తే పోల్చి తీసుకోవచ్చు.
2. బయట మర ఉన్నది మేల్, లోపల మర ఉన్నది ఫిమేల్. ఎక్కువగా దొరికే రకంలో పీఓఎస్ అంటే మేల్, పీహెచ్ఎస్ అంటే ఫిమేల్. పక్కన ఉన్న అంకె బోల్టు రంధ్రం సైజు. పీఓఎస్ 12 అంటే 12 మి.మీ. బోల్టు పడుతుంది.
3. పొడవు సర్దే కడ్డీకి ఒక చివర సీదా మర, రెండో చివర ఉల్టా మర కావాలి. షాపులో ఉల్టా చూడీ అని అడగండి.
4. టాప్ లింక్, లోయర్ లింక్ బాల్ అయితే క్యాటగిరీ చూడండి. క్యాటగిరీ 1లో టాప్ పిన్ 19, లోయర్ పిన్ 22 మి.మీ. క్యాటగిరీ 2లో సుమారు 25, 28 మి.మీ. పెద్ద బాల్‌లో చిన్న పిన్ పెడితే కొత్తది కూడా లూజుగానే ఉంటుంది. సరైన బుష్ వేయండి.

బిగించేటప్పుడు

మర మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు లోపలికి పోవాలి. 12 మి.మీ. మర అయితే 18 మి.మీ. తర్వాత చెక్ నట్టు గట్టిగా బిగించాలి. ఈ జాయింటు కడ్డీ వెంట వచ్చే లాగుడు, తోపుడు బాగా మోస్తుంది. గుండును పక్కకు తోసే బలానికి మాత్రం బలహీనం. అందుకే రెండు పక్కలా పట్టీ ఉన్న బ్రాకెట్ మంచిది. ఒకే పక్క బిగించాల్సి వస్తే కన్ను కంటే పెద్ద వాషర్ బయట వేయండి. గుండు ఊడినా కడ్డీ జారిపోదు. గుండు ఒక్కో పక్కకు దాదాపు 13 డిగ్రీలే వాలుతుంది. పనిముట్టును పైకి, కిందికి మెల్లగా కదిపి కన్ను ఎక్కడా బ్రాకెట్‌కు తగలడం లేదని చూసుకోండి.

మన పొలాల్లో అసలు శత్రువు

జీవామృతం, ఆవు మూత్రం. నిల్వ మూత్రంలోని అమ్మోనియా ఇత్తడి, కంచు పొరలను తింటుంది. లవణాలు ఇనుముకు తుప్పు పట్టిస్తాయి. డ్రమ్ము మోసిన రోజు జాయింట్లను మంచినీళ్లతో కడిగి ఆరనివ్వండి. ప్రెషర్ నీళ్లు గుండు మీద నేరుగా కొట్టొద్దు, మట్టి లోపలికి పోతుంది. నిప్పిల్ ఉన్నదానికి పాత నల్ల గ్రీజు బయటికి వచ్చేదాకా కొత్త గ్రీజు ఎక్కించి, వచ్చింది గుడ్డతో తుడిచేయండి, మట్టిలో పడనివ్వొద్దు. లోపల టెఫ్లాన్ పొర ఉన్నదానికి గ్రీజు వద్దు, దుమ్ము అంటుకుని పొర అరుగుతుంది. రబ్బరు తొడుగు ఉంటే చిరగకుండా చూసుకోండి.

ఎప్పుడు మార్చాలి?

ఇంజన్ ఆపి, తాళం తీసి, పనిముట్టును నేల మీద దించండి. ఒకరు కడ్డీని ఊపాలి, ఇంకొకరు కన్ను, బోల్టు మీద కలిపి వేలు పెట్టాలి. టక్ మని ఆట తెలిస్తే మార్చే టైమ్ వచ్చినట్టే. గుండు పట్టేసి తిరగకపోయినా అంతే, అప్పుడు బోల్టు వంగి తెగుతుంది. కన్ను మీద పగులు కనబడితే ఆ రోజే ఆపండి. వెల్డింగ్ పెట్టించొద్దు. వేడికి గుండు గట్టిదనం, లోపలి పొర రెండూ పోతాయి. స్టీరింగ్ టై రాడ్ ఎండ్ లూజైతే సొంత ప్రయోగాలు వద్దు, ఆ ట్రాక్టరుకు సరిపడే ముక్కనే మెకానిక్‌తో వేయించండి.

వీడియోలో చూపిన ఊపి చూసే పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. నాట్లు వేయకముందే ఒకసారి, ప్రతి కలుపు దశకు ముందు ఒకసారి చేయండి. మీ పనిముట్టులో ఏ జాయింటు తొందరగా అరుగుతోందో కామెంట్‌లో రాస్తే మిగతా రైతులకూ ఉపయోగపడుతుంది.