చుక్కలు బాగా కనపడిన రాత్రే మొక్కలకి గండం



మన వంటశాల వెనక పెరట్లో బొప్పాయి బతకదు, ఆ నేల మంచిది కాదు అని చాలామంది అంటున్నారు. కిందటి జనవరిలో పదకొండు బొప్పాయి మొక్కల్లో ఏడు నల్లబడి వాలిపోయిన మాట నిజమే. రెండు అరటి పిలకల ఆకులు మాడిపోయాయి. కరివేపాకు చెట్టు ఆకంతా రాల్చేసి కర్రలా నిలబడింది. ఈసారి ఆ మడులు పూడ్చేసి బట్టలు ఆరేసుకోడానికి తీగలు కడదామనే మాట కూడా వచ్చింది. పూడ్చే ముందు ఈ పేజీ ఒకసారి చదవమని కోరుతున్నాను. నేల మీద నింద వెయ్యక్కర్లేదని నా వాదన.

బతికిన నాలుగు బొప్పాయిలు ఎక్కడున్నాయో చూడండి. మూడు పనస చెట్టు కింద ఉన్నాయి, ఒకటి వరండా చూరు కింద ఉంది. నేల అదే, పోసిన నీళ్లు అవే, నారు నాటింది కూడా ఒకే రోజు. చచ్చిపోయిన ఏడూ నడి పెరట్లో, పైన ఏ అడ్డూ లేని చోట ఉన్నాయి. తేడా అంతా ఆ పైనున్న అడ్డులోనే ఉంది. అదెలాగో చెప్తాను.

చలి పైనుంచి కిందికి దిగుతుందని మనం అనుకుంటాం. మంచు పడింది, మంచు కురిసింది అనే మాటలు కూడా అలాగే పుట్టాయి. జరిగేది దానికి ఎదురు. పగలు ఎండకి నేల, రాయి, ఆకు అన్నీ వేడెక్కుతాయి. రాత్రికి ఆ వేడి పరారుణ కిరణాలుగా పైకి, ఆకాశంలోకి పోతుంది. ఇవి కంటికి కనపడవు. మబ్బుంటే అందులో చాలా వేడిని పట్టుకుని మళ్లీ కిందికి పంపుతుంది. మబ్బు లేకపోతే పోయింది పోయినట్టే. దానికి తోడు గాలి కూడా కదలకపోతే పైనున్న కాస్త వెచ్చటి గాలి వచ్చి కలవదు. అప్పుడు ఆకు తన చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడిపోతుంది.

మా అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు గానీ ఈ సంగతి బాగా తెలుసు. "సుక్కలు దగ్గరికొచ్చినట్టు కనపడితే ఆ రేతిరి సలి కొరికేస్తాది, మబ్బేస్తే బయిం లేదు" అంటాది. సైన్సు పుస్తకంలో ఉన్నదీ ఇదే.

ఇంకో సందేహం చాలామందికి వస్తుంది. లంబసింగిలో 4 డిగ్రీలు అని పేపర్లో రాస్తారు. నీరు గడ్డకట్టేది సున్నా దగ్గర కదా, మరి ఆ రోజే గడ్డి మీద తెల్లటి పొర ఎలా కనపడుతుంది? పేపర్లో రాసేది గాలి వేడి. దాన్ని నేలకి సుమారు నాలుగడుగుల ఎత్తున, గాలాడే తెల్ల చెక్కపెట్టెలో పెట్టిన థర్మామీటరుతో కొలుస్తారు. నేలకి ఆనుకున్న గడ్డి అంతకంటే మూడు నాలుగు డిగ్రీలు తక్కువగా ఉండొచ్చు. మన బొప్పాయి నారు ఉండేది గడ్డి ఎత్తులోనే, పెట్టె ఎత్తులో కాదు.

మన ప్రాంతానికే ఇంత చలి ఎందుకంటే ఒక కారణం ఎత్తు. వెయ్యి మీటర్లు పైకెక్కితే సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుతుంది. లంబసింగి దాదాపు అంత ఎత్తులోనే ఉంది. కానీ విశాఖపట్నానికీ మనకీ చలికాలం తెల్లవారుజామున ఉండే తేడా అంతకంటే ఎక్కువ. మిగతాది లోయ చేసే పని. చల్లటి గాలి బరువు. అది నీళ్లలాగే వాలు వెంట జారి పల్లంలో నిలబడిపోతుంది. అందుకే కొండవాలు మీదున్న మా ఊళ్లో బొప్పాయి మామూలుగా కాస్తుంది, లోయ అడుగునున్న హాస్టల్ పెరట్లో నల్లబడుతుంది. పెరట్లో కూడా అన్నిటికంటే పల్లంగా ఉన్నది బోరింగు పక్క మడి. అక్కడ నాటినవి ఒక్కటీ మిగల్లేదు.

టూరిస్టులు చూడ్డానికొచ్చే పొగమంచుని చూసి మొక్కల గురించి భయపడొద్దు. పొగమంచు కూడా మబ్బులాంటిదే, నేల మీద పరుచుకున్న దుప్పటి. అది దట్టంగా పట్టిన రాత్రి మొక్కలకి మేలే. మన తెలుగులో పొగమంచుకీ, పొద్దున్నే ఆకుల మీద నిలిచే నీటి బొట్లకీ, గడ్డకట్టిన తెల్ల పొరకీ అన్నిటికీ మంచు అనే ఒక్క మాటే వాడతాం, అందుకే ఈ గందరగోళం.

ఈ వేడి పైకి పోవడం గురించి ఒక కథలాంటి నిజం ఉంది. లండన్‌లో విలియం చార్లెస్ వెల్స్ అనే డాక్టరు ఉండేవాడు. తోటమాలులు లేత మొక్కల మీద పల్చటి చాపలు కప్పుతుంటే, ఇంత పల్చటి చాప చలినేం ఆపుతుందిలే అని మొదట్లో ఆయనకి నవ్వొచ్చేదట. తరువాత ఆయనే గడ్డిలో నాలుగు పుల్లలు పాతి, వాటి మీద పల్చటి చేతిరుమాలు బిగించి కట్టాడు. రుమాలు గడ్డికి తగల్లేదు, నాలుగు పక్కలా గాలి ఆడుతూనే ఉంది. అయినా దాని కిందున్న గడ్డి పక్క గడ్డి కంటే వెచ్చగా ఉంది. రుమాలు చేసింది ఒక్కటే పని, గడ్డికి ఆకాశం కనపడకుండా చేసింది. 1814లో ఆయన మంచు బిందువుల మీద రాసిన పుస్తకంలో ఇదంతా ఉంది.

మా పదో తరగతి వాళ్లం పోయిన వారం ఆటస్థలం చివర నాలుగు వెదురు పుల్లలు పాతి చేతిరుమాలు కట్టాం. పొద్దున్నే ప్రేయరుకి ముందు వెళ్లి చూస్తే చుట్టూ గడ్డి తడిసి ముద్దయింది, రుమాలు కింద గడ్డి పొడిగా ఉంది. నమ్మకం లేనివాళ్లు ఈ రాత్రే చేసి చూడొచ్చు, ఖర్చేమీ లేదు.

ఇదే పద్ధతితో మన దేశంలో పూర్వం ఐసు కూడా తయారు చేసేవారు. అలహాబాదు వైపు చలికాలంలో నేలలో పల్లంగా గుంట తీసి, అడుగున చెరకు, మొక్కజొన్న ఎండు దంట్లు పరిచి, వాటి మీద మట్టి మూకుళ్లలో నీళ్లు పోసి రాత్రంతా ఆరుబయట వదిలేసేవారు. గాలి సున్నా దాకా చల్లబడని రాత్రుల్లో కూడా మూకుళ్లలో ఐసు కట్టేది. 1775లో రాబర్ట్ బార్కర్ అనే ఇంగ్లీషాయన దీని గురించి రాశాడు. ఎండు దంట్లు నేల వేడి మూకుడుకి అందకుండా చేస్తాయి, మూకుడు తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది. మన నడి పెరట్లో బొప్పాయి ఆకు పరిస్థితి ఆ మూకుడు లాంటిదే.

సరే, చలి అన్ని మొక్కలకీ ఒకటే కదా, బొప్పాయికే ఎందుకీ బాధ అని మీరు అడగొచ్చు. బొప్పాయి పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా. వరండాలో డబ్బాల్లో పాకుతున్న మనీ ప్లాంట్ పసిఫిక్ మహాసముద్రంలో మోరియా అనే దీవిది. వాటి తాతముత్తాతలు ఎప్పుడూ చలి చూసినవి కావు. ఇలాంటి ఉష్ణదేశపు మొక్కలకి సున్నా దాకా అక్కర్లేదు, పది పన్నెండు డిగ్రీల దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది. వాటి కణాల పొరలు చలికి నెయ్యిలా గట్టిపడతాయి. వేర్లు నీళ్లు లాగలేవు. అందుకే మట్టి తడిగా ఉన్నా ఆకు వడిలిపోతుంది. అది చూసి ఇంకా రెండు చెంబులు పోస్తే వేరు కుళ్లుతుంది.

అరటి ఎదుగుదల సుమారు 14 డిగ్రీల కింద దాదాపు ఆగిపోతుంది. గెల వేసే వేళకి చలి వస్తే గెల బయటికి రాలేక మొవ్వులోనే ఇరుక్కుంటుంది. ఆకు మాడినంత మాత్రాన అరటి చచ్చినట్టు కాదు, లోపల దుంప బతికే ఉంటుంది. మన రెండు పిలకలూ ఎండాకాలంలో మళ్లీ లేచాయి కదా. ఎండిపోయిన అరటి ఆకుల్ని కోసెయ్యకుండా వేలాడనిస్తే కాండానికి శాలువా కప్పినట్టుంటుంది. పసుపు, అల్లం సంగతి వేరు. పుష్యమాసానికి వాటి ఆకు ఎండిపోవడం రోగం కాదు, వాటికది నిద్రపోయే వేళ. వాటికి నీళ్లు పొయ్యొద్దు, కప్పనూ వద్దు.

కరివేపాకు చలికి ఆకు రాలుస్తుంది. చచ్చిందో లేదో తెలియాలంటే గోటితో బెరడు కొంచెం గీకాలి. కింద పచ్చగా ఉంటే ప్రాణం ఉన్నట్టే. మన చెట్టుని కిందటేడు కొందరు నరికేద్దామన్నారు, ఉగాదికల్లా చిగురేసింది. ఇప్పుడు మనం సాంబారులో తింటున్నది ఆ చెట్టు ఆకే. అందుకని చలికి నల్లబడిన కొమ్మల్ని కూడా వెంటనే కత్తిరించొద్దు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, ఆ తరువాత చిగురు ఎక్కడిదాకా వచ్చిందో చూసి కత్తిరించాలి. ముందే కత్తిరిస్తే లేత చిగురు పుట్టి మళ్లీ చలికి దొరికిపోతుంది. యూరియా కూడా అంతే, కార్తీకం దాటాక వెయ్యకూడదు.

ఇక కప్పడం గురించి. గోనె సంచి గానీ పాత దుప్పటి గానీ అన్నిటికంటే మంచిది. మూడు కర్రలు పాతి వాటి మీద పరవాలి, ఆకుకి తగలకూడదు. అంచులు నేలని తాకాలి. ఇది ముఖ్యం. రాత్రి మొక్కకి వెచ్చదనం ఇచ్చేది నేలే, అది లోపలే ఉండాలి. కొందరు ఆకులన్నీ గుత్తిగా చేసి కాండం దగ్గర గోనె బిగించి కడతారు, మూటలాగ. అలా కడితే నేల వేడి బయట, మొక్క లోపల. దానివల్ల పెద్ద లాభం లేదు. పొద్దెక్కగానే తీసెయ్యాలి, నేల మళ్లీ ఎండ తాగాలి కదా.

పాలిథిన్ కవరు చూడ్డానికి గట్టిగా కనపడుతుంది గానీ వేడి కిరణాలు దానిలోంచి చాలావరకు దూరిపోతాయి. పైగా ఆకుకి అంటుకుంటే అంటుకున్న చోటల్లా మాడుతుంది. పొద్దున తియ్యడం మరిస్తే లోపల ఉడికిపోతుంది. గోనె దొరికే చోట పాలిథిన్ ఎందుకు?

పొగ వెయ్యడం మీద కూడా మనవాళ్లకి చాలా నమ్మకం. పొగ తెర మబ్బులా పని చేస్తుందనుకుంటారు, చెయ్యదు. పొగ రేణువులు మరీ చిన్నవి, వేడి కిరణాల్ని ఆపలేవు. మంట వేడి దగ్గరున్న మొక్కకి కొంచెం తగులుతుంది, అంతే. దానికోసం రాత్రంతా చిన్నపిల్లల డార్మిటరీలోకి పొగ పంపడం నాకైతే నచ్చదు.

నీళ్లు మధ్యాహ్నం లోపు మొదట్లోనే పొయ్యాలి, ఆకుల మీద కాదు. తడి నేల పొడి నేల కంటే ఎక్కువ వేడి దాచుకుంటుంది. డబ్బాల్లో మొక్కలకి మాత్రం పైమట్టి ఆరాకే పొయ్యాలి. ఆ డబ్బాలన్నీ రాత్రి వరండాలో ఒకదానికొకటి ఆనించి పెడితే చాలు, గదిలో పెట్టి తలుపు వెయ్యక్కర్లేదు. చూరే వాటికి దుప్పటి. పగలు దక్షిణం వైపు గోడ దగ్గర పెట్టండి. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు, ఆ గోడ పగలంతా వేడి తాగి రాత్రి కొంత వదులుతుంది.

చెట్టు నీడ విలువ మన తల్లిదండ్రులకి కొత్త కాదు. మన కొండల్లో కాఫీని సిల్వర్ ఓక్ చెట్ల కింద పెంచుతారు. బ్రెజిల్‌లో పరానా రాష్ట్రంలో నీడ చెట్లు లేకుండా ఎకరాలకి ఎకరాలు కాఫీ వేశారు. 1975 జూలైలో, అక్కడది చలికాలం, గడ్డకట్టే చలికి ఆ తోటలు నాశనమై ప్రపంచమంతా కాఫీ ధర పెరిగింది. అంత ఘోరమైన చలిని నీడ చెట్లు పూర్తిగా ఆపేవని నేననను. కానీ మామూలు మంచు రాత్రికి చెట్టు కొమ్మలు చాలు, మన పనస చెట్టే సాక్ష్యం.

కాబట్టి కొత్త బొప్పాయి నారుని బోరింగు పక్క మడిలో వద్దు. పనస చెట్టు తూర్పు పక్కనా, వరండా వెంటా ఎనిమిది పడతాయి, కొలిచి చూశాను. బట్టల తీగలు బోరింగు పక్కనే కట్టుకోవచ్చు, అక్కడ ఎండ బాగుంటుంది. నడి పెరట్లో ఉన్న అరటికి, కరివేపాకుకి, ఏడో తరగతి తమ్ముళ్లు ఇళ్ల నుంచి తెచ్చి నాటిన నాలుగు మొక్కలకి మాత్రం కప్పు కావాలి.

అసలు చిక్కు సంక్రాంతి సెలవులు. చలి ముదిరే రోజుల్లోనే మనమంతా ఇళ్లకి పోతాం. కిందటేడు ఏడు మొక్కలు పోయింది ఆ పది రోజుల్లోనే. వాచ్‌మన్ మామని అడిగాం. సాయంత్రం కప్పి పొద్దున తీస్తాననీ, మబ్బున్న రోజు కప్పననీ ఒప్పుకున్నాడు. కర్రలు మేమే పాతి వెళ్తాం. దగ్గర ఊళ్ల వాళ్లం ముగ్గురం రోజు విడిచి రోజు వచ్చి నీళ్లు పోస్తాం. వార్డెన్ గారు స్టోరు గదిలో ఉన్న చిరిగిన గోనె సంచులు పన్నెండు ఇప్పించాలని మనవి. డిసెంబరు మొదటి వారంలోపు ఇస్తే ఉతికి, కుట్టి సిద్ధం చేసుకుంటాం. శివరాత్రి మర్నాడు లెక్కపెట్టి తిరిగి అప్పగిస్తాం.