ఒంటి దారి – జంట దారి

ఒకే మాట పలు శాస్త్రములలో పలు విధములుగా వ్యవహరింపబడుట విద్యార్థులకు చిక్కు కలిగించు విషయము. సింప్లెక్సు, డ్యూప్లెక్సు అను జంట అట్టిది. అమలాపురములో ఇల్లు కొనగోరు గృహస్థునకు డ్యూప్లెక్సనగా రెండంతస్తుల ఇల్లు. అదే వీథిలోని జిరాక్సు దుకాణమున డ్యూప్లెక్సనగా కాగితమునకు ఇరువైపుల అచ్చు. టెలిఫోను యంత్రజ్ఞునకో, ఇరువురును ఏకకాలమున మాటలాడుకొనగల మార్గము. మువ్వురి మాటయు సత్యమే. కాని మువ్వురును లెక్కించిన రెండు ఒక్కటి కాదు.

ఈ పదములు లాటిను భాషనుండి వచ్చినవి. సింప్లెక్సనగా ఒంటి మడత కలది. డ్యూప్లెక్సనగా రెండు మడతలు కలది. తెలుగువారు ఒంటిపేట గొలుసు, రెండుపేటల గొలుసు అనునపుడు తోచు భావమునకు ఇది మిక్కిలి దగ్గర. అయితే గొలుసు విషయమున పేటలే రెండని మాటలోనే తెలియుచున్నది. డ్యూప్లెక్సను మాట రెండని మాత్రము చెప్పి ఊరకుండును. ఏవి రెండో ఆయా శాస్త్రమును బట్టి తెలిసికొనవలసినదే.

వార్తాప్రసార శాస్త్రమున ఈ భేదము దారికి సంబంధించినది. దీనిని బోధించుటకు కోనసీమ ఉపాధ్యాయునకు నల్లబల్లకన్న ఊరిచుట్టునున్న నీరే మేలు. ధవళేశ్వరము ఆనకట్టనుండి కాలువలోనికి విడిచిన నీరు పల్లమునకే పారును. తిరిగి ఎగువకు రాదు. ఇది సింప్లెక్సు. సఖినేటిపల్లి రేవున వసిష్ఠ గోదావరిని దాటించు పంటు నరసాపురమునకు పోవును, మరల వచ్చును. ప్రయాణము రెండు దిక్కులకును కలదు గాని, ఒకే పంటు ఒకే వేళ రెండు దిక్కులకు పోజాలదు. ఇది అర్ధ డ్యూప్లెక్సు. దిండి–చించినాడ వంతెనపై పోవు బండ్లు పోవుచుండగనే వచ్చు బండ్లు వచ్చుచుండును. ఇది పూర్ణ డ్యూప్లెక్సు. ఆకాశవాణి కాలువ వంటిది. మీట నొక్కి మాటలాడి, మీట విడిచి వినవలసిన వాకీటాకీ పంటు వంటిది. టెలిఫోను వంతెన వంటిది.

ఇచట ఒక మెలిక కలదు. కంప్యూటరు పాఠ్యగ్రంథములలో సింప్లెక్సనగా ఎల్లప్పుడును ఒకే దిక్కునకు సాగునది. అంతర్జాతీయ రేడియో నిబంధనలలోనో, ఒకే మార్గమున వంతులవారీగా ఇరుదిక్కులకు జరుగు సంభాషణమే సింప్లెక్సు. అనగా ఒకరి సింప్లెక్సు మరియొకరికి అర్ధ డ్యూప్లెక్సగుచున్నది. సరియైన సమాధానము వ్రాసియు విద్యార్థి మార్కులు కోల్పోవుటకు ఇంత చాలును. ప్రశ్నలో ఏ శాస్త్రమున అను మాట చేర్చినచో ఆ అన్యాయము తొలగును.

ఒకే తీగపై రెండు కొసలనుండి ఒకేసారి వార్త పంపు ఉపాయమును 1853లో వియన్నాలో గింట్‌ల్ అను ఆయన చూపెను. 1872లో అమెరికాలో స్టెర్న్స్ దానిని చక్కగా పనికివచ్చునట్లు తీర్చెను. 1874లో ఎడిసన్ దిక్కునకు రెండు చొప్పున నాలుగు వార్తలను ఒకే తీగపై నడపెను. పంపువాని విద్యుత్తు వాని యంత్రమునే మ్రోగించినచో ఎదుటివాని వార్త వినబడదు గదా! అందుచేత దూరపు తీగకు సరితూగు కృత్రిమ మార్గమొకటి యంత్రము చెంతనే అమర్చి, పంపు విద్యుత్తును రెండు పాయలుగా చీల్చి, తన యంత్రముపై ఆ రెండింటి ప్రభావము పరస్పరము కొట్టివేయబడునట్లు చేసిరి. తన మాట తన చెవిని కప్పివేయకుండుటయే డ్యూప్లెక్సు రహస్యము. మన దేశమున టెలిగ్రాము సేవ 2013 జూలైలో ముగిసినను, ఈ సూత్రము టెలిఫోనులో నిలిచియే యున్నది.

ఇతర రంగములలో లెక్క మారును. మన దేశమున డ్యూప్లెక్సు ఇల్లనగా లోపలి మెట్లతో కలిసిన రెండంతస్తులలో ఒకే కుటుంబము. అమెరికాలో తరచుగా ఒకే కట్టడమున వేరువేరు వాకిళ్లతో రెండు కుటుంబములు. ఒకచోట అంతస్తులు రెండు, మరియొకచోట కాపురములు రెండు. జీవశాస్త్రమున ఎదురెదురు దిక్కులకు సాగు రెండు పేటల డి.ఎన్.ఏ.ను డ్యూప్లెక్సందురు. లోహశాస్త్రమున రెండు స్ఫటిక రూపములు కలిసియున్న ఒక జాతి తుప్పుపట్టని ఉక్కునకు ఆ పేరు. గణితమునందలి సింప్లెక్సు త్రిభుజము, చతుర్ముఖి మొదలగు ఆకృతుల జాతికి పేరు; 1947లో డాంట్జిగ్ రూపొందించిన సింప్లెక్సు పద్ధతికి ఆ పేరు అందుండియే వచ్చినది. అచట దానికి డ్యూప్లెక్సను జోడు లేదు.

ఈ భేదము పరీక్షలతో తీరిపోవునది కాదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను కూల్చిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. సముద్రముపై వేటకు పోయినవారు పెక్కురు తిరిగి రాలేదు. చిన్న రేడియో పెట్టె తుపాను హెచ్చరికను పడవవరకు మోసికొనిపోగలదు. కాని మేమిచట ఉన్నామని పడవలోనివాడు బదులు పలుకుటకు అందు దారి లేదు. అతడు వినెనో లేదో ఒడ్డుననున్న వారికి తెలియదు. ఒంటి దారికిని జంట దారికిని గల దూరము అట్టిది.

తరగతి గదియు ఒక ప్రసార మార్గమే. ఉపాధ్యాయుడు చెప్పుకొని పోవగా, విద్యార్థులు వ్రాసికొని పోవగా గంట మ్రోగినచో ఆ పాఠము కాలువ నీరు. చేరినదో లేదో చెప్పువారుండరు. ఎవరైనను డ్యూప్లెక్సనినపుడు, ఏవి రెండు అని వెనుక బల్లనుండి ఒక విద్యార్థి లేచి అడిగినచో, ఆ ప్రశ్నతోనే పాఠమునకు తిరుగు దారి ఏర్పడును.