పిండిగిర్నికి విద్యుత్తు కోరు రైతులకు

రామగుండము, గోదావరిఖని ప్రాంతమున పొలముతోపాటు పిండిగిర్నియో నూనెగిర్నియో పెట్టదలచిన రైతులు ఒక సంగతి ముందుగా తెలిసికొనవలెను. 2018 జనవరి 1 నుండి సేద్యమునకు లభించుచున్న 24 గంటల ఉచిత విద్యుత్తు బావి మోటారుకే గాని గిర్నికి కాదు. పొలపు తీగతో గిర్ని నడిపినచో 2003 నాటి విద్యుత్ చట్టము 126వ సెక్షను ప్రకారము రెట్టింపు ధర విధింతురు. ఎప్పటినుండి నడిచినదో తేలనియెడల 12 మాసములకు లెక్క కట్టుదురు. ఆ బిల్లు ఒక పంట రాబడిని మ్రింగగలదు.

గిర్నికి వర్తించునది మూడవదియగు పరిశ్రమల తరగతి. దుకాణముల కైన రెండవ తరగతిలో యూనిటు ధర సాధారణముగా హెచ్చు. కావున దరఖాస్తులో గిర్ని యని స్పష్టముగా వ్రాయింపుడు.

ఇక లోడు. 10 గుర్రపుశక్తి మోటారుకు సుమారు ఏడున్నర కిలోవాట్లు చాలును. ‘ఎందుకైనను మంచిది’ అని 20 వ్రాయించినచో, గిర్ని ఆడని మాసములందును ఆ మొత్తముపై స్థిరరుసుము చెల్లింపక తప్పదు. తక్కువ వ్రాయించి పెద్ద మోటారు బిగించుటయు తప్పే. మోటారు పలకలపైనున్న అంకెలు కూడి, దీపముల వాడుక చేర్చి, అంతమాత్రమే కోరుడు. మొత్తము 100 గుర్రపుశక్తి మించినచో హెచ్చు వోల్టేజి కనెక్షను వలయును. అందు రాత్రి 10 నుండి ఉదయము 6 వరకు వాడిన యూనిట్లకు రాయితీ కలదు.